తాబేలు చేతి బిళ్ళ

“సముద్రానికి మీరే కళ్ళు” అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ కుట్టిన నీలం టోపీ ఒకటి నా దగ్గర ఉంది. రూములో మేకుకు తగిలించి ఉంటుంది. ఎండకు పనికొస్తుందని రూమ్మేట్ ఒకసారి అడిగాడు, ఇవ్వలేదు. నేను పెట్టుకోను, పారేయను. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఆ మంట చల్లారకూడదనే ఉంచుకున్నాను.

మస్కట్‌కు చాలా దూరంగా దక్షిణాన, రైసూత్‌లో ఒక చేపల ఫ్యాక్టరీలో నేను కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ని. పుట్టింది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డున, వేటకెళ్ళే ఇంట్లో. కానీ పడవెక్కితే చాలు నాకు కడుపులో తిప్పేది. వీడు వేటకు పనికిరాడని తేల్చుకుని నన్ను చదువులో వేశారు. ఆ చదువు తీసుకొచ్చి నన్ను గడ్డకట్టిన చేపల మధ్య, స్వెట్టరు మీద స్వెట్టరేసి నిలబెట్టింది. మా అక్క మొగుడు అలా కాదు. మా బావ నేలమీద నడుస్తుంటే ఎవరిదో చొక్కా తొడుక్కున్నవాడిలా ఇబ్బందిగా ఉంటాడు. పడవలో కాలు పెట్టాడంటే మనిషి నిటారైపోతాడు.

మా ఊరి పక్క మందుల ఫ్యాక్టరీలు వచ్చి, వాటి గొట్టాలు సముద్రంలోకి దిగాక, చేప ఒడ్డుకు దూరమైపోయింది. పొద్దున్నే వెళ్ళి ఖాళీ వలతో తిరిగొచ్చే మొగుణ్ణి చూసి మా అక్క నాకు ఫోన్ చేసింది. మా ఫ్యాక్టరీకి చేపలమ్మే ముసలాయన ఒకరు మిర్బాత్‌లో ఉన్నారు. ఆయన లాంచిలో పనికి బావను నేనే రప్పించాను. ఇది మిగతా వాళ్ళకు పరాయి దేశం కావచ్చు, బావకు మాత్రం కాదు. చేపలున్న సముద్రం ఏదైనా ఆయనకు సొంతూరే.

ఆ ముసలాయన గురించి చెప్పాలి. ఆయన వాళ్ళ తాతల కాలం నుంచీ అదే తీరంలో ఉన్నవాడు. ఇంట్లో జబ్బాలీ మాట్లాడతారు. అది ఆ కొండలదీ ఆ ఒడ్డుదీ పాత భాష, మా ఆఫీసులోని ఈజిప్టు అకౌంటెంటుకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆఫీసర్లతో అరబ్బీ, మాతో ముక్కలు ముక్కలుగా హిందీ. లాంచిలో బావతో పాటు పనిచేసే మా తీరపువాళ్ళు ఆయన్ను అర్బాబ్ అంటారు, అంటే యజమాని. నేను చాచా అనేవాణ్ణి. కొడుకులు ఏసీ కార్లలో తిరుగుతూ, నీకెందుకు నాన్నా సముద్రం అంటుంటే, ఆయన లుంగీ ఎగ్గట్టి మావాళ్ళతో పాటు లాంచి ఎక్కేవాడు.

ఇలా ఉండగా మస్కట్ నుంచి ప్రాజెక్టు దిగింది. తాబేళ్ళనూ తిమింగలాలనూ ఎక్కడినుంచో వచ్చిన శాస్త్రజ్ఞులు కాకుండా, ఆ తీరపు మనుషులే కనిపెట్టి ఉండాలన్నది వాళ్ళ మాట. తరతరాలుగా సముద్రంతో బతికినవాళ్ళ మాటకు విలువ ఉండాలన్నారు. నాకు నచ్చింది. నిజంగానే నచ్చింది, ఇప్పుడు వెక్కిరిస్తున్నానని అప్పుడు కూడా వెక్కిరించాననుకోకండి. కోఆర్డినేటర్ మేడమ్ మంచి మనిషి. గొంతు పెంచదు, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతుంది, చచ్చిన తాబేలును చూస్తే నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. లాంచిలో మావాళ్ళకు తెలుగే వచ్చు, ఆవిడకు ఇంగ్లీషే తప్ప అరబ్బీ రాదు, చాచా హిందీ అందదు. అందుకని శుక్రవారాలు నా సెలవు కాస్తా ఆవిడ మీటింగులకు పోయింది. రైసూత్ నుంచి తాఖా మీదుగా, రోడ్డుకు అడ్డం పడే ఒంటెల్ని తప్పించుకుంటూ మిర్బాత్ దాకా వెళ్ళి మాటలు అటూ ఇటూ చేరవేసేవాణ్ణి. కరక్ చాయ్, సమోసా, ఖర్జూరం పెట్టేవారు. టోపీ కూడా అప్పుడిచ్చిందే.

చాచాను స్థానిక సమాజం అనేవారు. ఆయన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి ఫోటోలు తీసేవారు. వల లాగేది, తాబేలు పడితే ముందు చూసేది మా బావా వాళ్ళూ. వాళ్ళను సహాయకులు అన్నారు. సహాయకులకూ టోపీలిచ్చారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. మా బావయితే ఆ టోపీ పెట్టుకుని ఫోటో దిగి మా అక్కకు పంపాడు.

మొదటి నెలల్లో మేడమ్ చాచాను వలల షెడ్డు నీడలో కూర్చోబెట్టి, రికార్డరు పెట్టి, పాత సంగతులన్నీ చెప్పించుకుంది. ఏ గాలికి ఏ చేప వస్తుంది, ఖరీఫ్ వానలు మొదలయ్యే ముందు నీళ్ళ రంగు ఎలా మారుతుంది, తాబేళ్ళు ఏ ఇసుకలో గుడ్లు పెడతాయి, అన్నీ చెప్పాడు. కరువు ఏళ్ళలో, తన చిన్నతనంలో, ఇంట్లో ఇంకేమీ లేక తాబేలు మాంసం తిన్నామని కూడా చెప్పాడు. దాచుకోవలసిన సంగతిలా చెప్పలేదు. ఆకలి గురించి చెప్పినట్టు చెప్పాడు. మేడమ్ తల ఊపుతూ, “ఇది చాలా విలువైన సమాచారం” అంది. నేను హిందీలో చెప్పాను. ముసలాయన మొహం వెలిగిపోయింది. కన్నకొడుకులు కూడా ఆయన్ను ఎప్పుడూ అవన్నీ అడిగి ఉండరు.

ఆ చలికాలంలో ఒకరోజు వాళ్ళ వలలో ఒక పెద్ద ఆడ తాబేలు పడింది.

మా తీరం సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా ఊరికి శ్రీకూర్మం దగ్గర. అక్కడ దేవుడు కూర్మనాథుడు, తాబేలు రూపంలో ఉంటాడు. అందుకని వలలో తాబేలు పడితే మావాళ్ళకు అది వేట కాదు, ఇంటికి దేవుడు రావడం. వల తెగినా పరవాలేదు, ఒక్క గీత పడకుండా విడిపిస్తారు. మంచినీళ్ళతో కడుగుతారు. వీపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి, తలను సముద్రం వైపు తిప్పి వదులుతారు. తాగి తందనాలాడేవాడు కూడా ఆ పూట కుదురుగా ఉంటాడు. తాబేలును తినడమన్న మాట మా ఇళ్ళల్లో నోటితో అనరు.

ఆ రోజు లాంచిలోనూ అలాగే చేశారు. కూరలోకి తెచ్చుకున్న పసుపు తీశారు. కుంకుమ బావ దగ్గరే ఉంది. శ్రీకూర్మం నుంచి తెచ్చుకున్న చిన్న డబ్బీ ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటుంది. చాచా చుక్కాని దగ్గర కూర్చుని వీళ్ళ భక్తి చూసి నవ్వుకుంటూ బీడీ తాగుతున్నాడు. తాబేలు వీపు చివర, ఎడమవైపు, ఏదో కొరికేసినట్టు అరచేతంత ముక్క పోయి ఉంది. పాత గాయం. పసుపు రాస్తూ బావ దాని ముందు రెక్క పట్టుకుని చూస్తే, కండలోంచి గుచ్చి బిగించిన ఒక ఇనప బిళ్ళ ఉంది. దాని మీద అంకెలు. బిళ్ళ చుట్టూ కండ ఉబ్బి, పుండై, ఎర్రగా ఉంది.

అది ట్యాగ్ అనీ, తాబేలు ఎక్కడెక్కడికి పోతుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులే వేస్తారనీ మీటింగులో చెప్పే ఉంటారు. చెప్పారు కూడా, తెర మీద బొమ్మ వేసి. కానీ ఆ బొమ్మలో పుండు లేదు. బావకు కనిపించింది ట్యాగ్ కాదు.

“దేవుడి సేతికి ఎవడో సంకెలేసినాడ్రా,” అన్నాడట పక్కవాడితో. “సూడు, ఎలగ పుండైపోనాదో! ఇలగే ఒగ్గేస్తే మనకి పుట్టగతులుంటాయా?”

ఇంజను పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి, చంటిపిల్ల చెవిపోగు తీసినంత నెమ్మదిగా ఆ బిళ్ళ తీసేశాడు. పుండుకు పసుపు అద్దాడు. లెంపలేసుకుని, తల సముద్రం వైపు తిప్పి వదిలాడు. ఒకసారి మునిగి, కొంచెం దూరంలో తల పైకెత్తి ఊపిరి తీసుకుని వెళ్ళిపోయిందట. చాచా అంతా చూస్తూనే ఉన్నాడు. ఇలాంటి పొరపాటు మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. మిగతా ప్రపంచమంతా తాబేలుకు చేసే అపకారాల్లో, భక్తితో ట్యాగ్ పీకడం ఎవరి లెక్కలోనూ లేదు.

తరవాతి శుక్రవారం మీటింగులో బావ జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పి, ఆ బిళ్ళను మేడమ్ ముందు పెట్టాడు. మొహంలో ఎంత గర్వమో! తప్పిపోయిన పిల్లను ఇంటికి చేర్చినవాడిలా నిలబడ్డాడు. ఆ బిళ్ళ వేసినవాళ్ళు ఎవరో కనుక్కుని, ఇంకెప్పుడూ అలా చెయ్యొద్దని ఆవిడ గట్టిగా మందలిస్తుందని ఆయన నమ్మకం.

మేడమ్ మొహం పాలిపోయింది. “ఇది ఎలా చనిపోయింది?” అని అడిగింది.

“సావడమేటి?” అన్నాడు బావ నా వైపు తిరిగి. “బతికే ఎల్లిపోనాది కదా. సెప్పవేటిరా!”

చెప్పాను. ఉన్నదున్నట్టు, పసుపుతో సహా చెప్పాను. ఆవిడ వింది. కానీ ఆవిడ పనిచేసిన ప్రతి తీరంలోనూ జాలరి చేతికి ట్యాగ్ వచ్చిందంటే తాబేలు కూర అయిపోయిందనే అర్థమట. ఎవరూ ఒప్పుకోరు, అందరూ ఏదో ఒక కథ చెబుతారు. ఇంత వింత కథ మాత్రం ఎప్పుడూ వినలేదంది. ఆ మాట కూడా మెత్తగానే అంది.

చాచా లేచి నిలబడ్డాడు. “కచువా జిందా గయా. మేరా ఆంఖ్ దేఖా,” అని తన కంటిని వేలితో చూపించాడు. తాబేలు బతికే వెళ్ళిందని, తన కంటితో చూశానని ఆయన సాక్ష్యం. తరవాత టోపీ తీసి, దాని మీద కుట్టిన అక్షరాలను చూపించాడు. నేను అనువాదం చెయ్యాల్సిన అవసరమే లేకపోయింది. సముద్రానికి కళ్ళు అని ఎవరికి బిరుదిచ్చారో ఆ మనిషే నిలబడి, చూశాను అంటున్నాడు.

మేడమ్ చాలా ఇబ్బంది పడుతూ, “మీ కుటుంబంలో తాబేలు తినే అలవాటు ఉండేదని మీరే రికార్డింగులో చెప్పారు కదా. అందుకని పై వాళ్ళు మీ మాటను నిష్పక్షపాతంగా తీసుకోరు,” అంది.

అది హిందీలోకి మార్చి చెప్పాల్సింది నేనే. నా నోటితోనే ఆ ముసలాయనకు చెప్పాను. విలువైన సమాచారం అన్నప్పుడు వెలిగిన మొహాన్ని చూసిందీ నేనే, ఇప్పుడు చూసిందీ నేనే. ఆయన కోపం తెచ్చుకోలేదు. టోపీ బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కరువులో పస్తులున్న చిన్నపిల్లవాడి మీద ఇన్నేళ్ళకు నేరం మోపారు. వాళ్ళకు సమాజం జ్ఞానం కావాలి, సమాజం మాట అక్కర్లేదు.

ఫిర్యాదు పైకి వెళ్ళింది. నియమం ప్రకారం పంపక తప్పదంది మేడమ్. కేసు నడిస్తే లాంచి లైసెన్సు ఆపేస్తారన్న భయం చాచా కొడుకులకు పట్టుకుంది. లైసెన్సు పెద్దకొడుకు పేరు మీద ఉంది. బిళ్ళ ఎవరి జేబులో దొరికిందో వాణ్ణి పంపించేస్తే ఖల్లాస్ అనుకున్నారు. చాచా ఇంట్లో గొడవ పడ్డాడని విన్నాను. జబ్బాలీలో తండ్రి అరుపులు వీధిలోకి వినిపించాయట. కానీ వీసా కాగితం మీద ఉన్నది కొడుకు సంతకం. బావ పేరు కేన్సిల్ అయిపోయింది.

సలాలా ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. నెలల తరబడి లాంచిలో నిటారుగా నిలబడ్డ మనిషి, సీట్లో ముందుకు వంగిపోయి కూర్చున్నాడు. ఊళ్ళో సముద్రం ఉంది, వేట లేదు. వెళ్ళి ఏం చేస్తావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. దిగేటప్పుడు సంచి భుజాన వేసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

“పనిపోతే పోనాదిలే. నాను ఆయన్ని తిన్నానని రాసినారు కదా, ఆ మాట తీయించరా. ఊల్లో తెలిస్తే మీ అక్క గుడికెలగ ఎల్తాది? సస్తే నాకు ఆ మాటతో కట్టెలెయ్యకూడదు.”

“తీయిస్తాను బావా,” అన్నాను.

ఆ తరవాత కూడా నేను శుక్రవారాలు మిర్బాత్ వెళ్ళడం మానలేదు. సమోసాలకు మరిగానని ఫ్యాక్టరీలో వేళాకోళం చేశారు. చేసుకోనీ అని ఊరుకున్నాను. ప్రాజెక్టు మీద నాకు ప్రేమేమీ మిగల్లేదు. ఆ తాబేలు కనబడాలి. అంతే నాకు కావలసింది. బతికున్న తాబేలును ఎవరూ తినలేరు కదా.

చాచా లాంచి ఎక్కడం మానేశాడు. మీటింగులకు రాడు. కానీ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే ఒడ్డు వెంట నడిచేవాడు. శుక్రవారాలు నేనూ ఆయన వెనకే నడిచేవాణ్ణి. ఏం వెతుకుతున్నామో ఇద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. రాత్రి ఎక్కిదిగిన తాబేళ్ళ జాడలు ట్రాక్టరు చక్రాల గుర్తుల్లా ఇసుక మీద ఉండేవి. జాడలతో మాకు పనిలేదు.

ఖరీఫ్ మబ్బులు కొండల మీదికి చేరుతున్న రోజుల్లో, ఒక పొద్దున, వెలుతురు వచ్చినా ఇంకా నీళ్ళలోకి దిగని తాబేలు ఒకటి కనబడింది. గుడ్లు పెట్టి అలసిపోయి, నాలుగడుగులకొకసారి ఆగుతూ పోతోంది. చాచా పరుగులాంటి నడకతో వెళ్ళి దాని వెనక ఇసుకలో కూలబడ్డాడు. వీపు చివర ఎడమవైపు, అరచేతంత ముక్క లేదు. ముందు రెక్కకు చిల్లు ఉంది. పుండు లేదు, చుట్టూ చర్మం శుభ్రంగా మూసుకుపోయింది. “వల్లా, వల్లా,” అంటూ దేవుడి మీద ఒట్లు వేస్తూ ఆ ముసలాయన నా మోకాలి మీద కొడుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. తరవాత మేడమ్‌కు ఫోన్ చేశాను. ఫోన్ చేసింది బావ కోసం.

ఆవిడ బస దగ్గరే. టోపీలు పెట్టుకున్న కొత్త కుర్రవాళ్ళతో, పరికరాల పెట్టెతో పది నిమిషాల్లో వచ్చేసింది. తాబేలు మొహం మీది పొలుసుల గీతలు మన వేలిముద్రల్లాంటివట. మొదటి బిళ్ళ వేసినప్పుడు తీసిన, ఫోనులోని పాత ఫోటోతో పోల్చి చూసింది. “అదే! ఇది అదే!” అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కళ్ళలో నీళ్ళు. నన్ను చూసి, “నాకు చాలా సంతోషంగా ఉంది, నిజంగా,” అంది. సంతోషమే. నేను కాదనను.

ఆ తరవాత పెట్టె తెరిచి కొత్త బిళ్ళ తీసింది.

“చాచాను రెక్క పట్టుకోమనండి, ఫోటో బావుంటుంది,” అంది నాతో. నేను ఆయనకు ఆ మాట చెప్పలేదు, కానీ పెట్టెలో ఉన్నదేమిటో ఆయనకు కనిపించింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, “మాఫీ,” అన్నాడు. లేదు, వద్దు, నా వల్ల కాదు, అన్నిటికీ ఇక్కడ అదే మాట. కుర్రవాళ్ళలో ఒకడు రెక్క పట్టుకున్నాడు. పాత చిల్లుకు కాస్త పక్కన, కొత్త చోట, ప్లేయర్ నొక్కిన చప్పుడు వినబడింది. తాబేలు ఒక్కసారి ఒళ్ళంతా అదిరింది.

“మరి మా బావ మీద రాసిన మాట?” అని అడిగాను.

“అది వేరే డిపార్ట్‌మెంటు. ఆయన దేశం వదిలి వెళ్ళాక ఆ ఫైలు మూసేశారు. మూసిన ఫైలు నేను తెరిపించలేను. మీ బాధ నాకు అర్థమవుతుంది,” అంది.

తరవాత వచ్చిన రిపోర్టు అట్ట మీద ఆ తాబేలు బొమ్మే వేశారు. లోపల, సమాజ భాగస్వామ్యం వల్లే ఈ విజయం అని రాశారు. ట్యాగ్ ఎలా పోయిందన్న దగ్గర, ఊడిపోయింది అని ఒక్క ముక్క ఉంది. పీకినవాడు తింటే నేరస్థుడు, తినకపోతే అసలు లేడు.

చాచా ఇప్పుడు కూడా ఒడ్డున కూర్చుంటాడు. ప్రాజెక్టు కుర్రవాళ్ళు వచ్చి ఏమైనా కనిపించాయా అని అడుగుతారు. ఎదురుగా తాబేలు తల పైకి తేలి కనిపిస్తున్నా ఆయన మాఫీ అంటాడు.

బావ ఇప్పుడు విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్. ఖాకీ చొక్కా, ఈల, ప్లాస్టిక్ కుర్చీ. తాబేలు కనబడిన రోజునే మధ్యాహ్నం ఫోన్ చేశాను. పార్కింగ్‌లో ఎవరిదో కారు హారన్ మోగుతోంది. గేటు తీసి వచ్చి మళ్ళీ ఫోన్ అందుకున్నాడు.

“కనబడింది బావా. వీపు మీద ఆ ముక్క పోయిందే, అదే. గుడ్లు కూడా పెట్టింది.”

అక్కను పిలిచి చెప్పడం వినబడింది. తరవాత, “మరి ఆ మాట తీసేసినారేటి?” అని అడిగాడు.

“చూస్తామన్నారు.”

“సూత్తారులే, పెద్దోల్లు కదా,” అన్నాడు. ఆ జవాబు అర్థం కానంత అమాయకుడేం కాదు. దాన్ని అక్కడితో వదిలేసి, తనకు నిజంగా కావలసింది అడిగాడు. “ఆ తల్లికి సేతి పుండు మానినాదా?”

“మానింది బావా. నున్నగా మూసుకుపోయింది.”

“అదే సాలు,” అన్నాడు. “ఆ ఇనుము పోనాది, అదే సాలు.”

అవునన్నాను.